పన్నెండు తట్టల వంకాయ ఒరుగులు

మొగలిగుంట అడవిలో చాలా జంతువులు ఉండేవి. దుప్పులు ఉండేవి, కుందేళ్లు ఉండేవి, కోతులు ఉండేవి. ఒక ఎలుగుబంటి, ఒక ముసలి ముళ్లపంది కూడా ఉండేవి. ఇసుకవాగు గట్టున ఒక పందికొక్కు ఉండేది. దాని గురించి ఎవరూ ముందు చెప్పేవారు కాదు, అందుకే నేనూ చివర్న చెప్పాను. నిజానికి ఈ కథ దానిదే.

ఆ అడవికి ఒక కష్టం ఉండేది. వానాకాలంలో తిన్నవాళ్లకు తిన్నంత. చలికాలంలోనూ ఫరవాలేదు. ఎండలు ముదిరాయంటే మాత్రం పచ్చటి ఆకు కంటికి కనబడేది కాదు. కిందటి వేసవిలో వాగులో ఒకే ఒక్క మడుగు మిగిలింది. తాగడానికి నీళ్లు ఉన్నాయి గానీ తినడానికి ఏమీ లేదు. కుందేళ్ల ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఆ వేసవి మాట వస్తే ఇప్పటికీ అందరి గొంతులూ తగ్గిపోతాయి.

అందుకని ఈసారి వానలు వెనకబట్టగానే అందరూ తలా ఒక తోట వేశారు. వెయ్యమని చెప్పింది ముళ్లపంది ముత్తెమ్మ. ఆమె చిన్నప్పుడు ఊరి పక్క ఒక చేను గట్టున పెరిగింది. ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలో, ఏ కాయ ఎలా దాచాలో రైతుల ఇళ్లలో చూసి నేర్చుకుంది. వంగ, చిక్కుడు, టమాటా, ముల్లంగి, మెంతి విత్తనాలు తనే ఇంటింటికీ పంచింది.

నేల తవ్వడానికి మాత్రం పోలమ్మను పిలవక తప్పలేదు. పోలమ్మ అంటే ఆ పందికొక్కే. తవ్వడంలో ఆమెను మించినవాళ్లు ఆ అడవిలో లేరు. అందరి తోటలూ తవ్వింది. బోదెలు తీసింది, మళ్లు కట్టింది. అందరివీ అయ్యాక, తన బొరియ ముందు అరచేయంత జాగాలో నాలుగు చిక్కుడు గింజలు నాటుకుంది.

ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. ఒకప్పుడు పోలమ్మ దొంగ. కింద నుంచి తవ్వుకుంటూ వచ్చి దుంపలు లాక్కుపోయేది. రెండేళ్ల కిందట పట్టుబడింది. అడవి పెద్ద కొమ్మన్న అనే దుప్పి. పోలమ్మ ఆయన ముందు తల వంచుకుని నిలబడింది.

"ఇక మీదట ఎవరి సొత్తూ ముట్టను పెద్దయ్యా," అంది.

"ముట్టావో, వాగు దాటించేస్తాను," అన్నాడు కొమ్మన్న.

వాగుకు అవతల రాళ్లమెట్ట. అక్కడ గడ్డిపరక మొలవదు, నీటి చుక్క దొరకదు. అక్కడికి పంపిస్తే పోలమ్మా, ఆమె నలుగురు పిల్లలూ ఒక్క వేసవి కూడా బతకరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ రోజు నుంచి పడి ఉన్న పండు కూడా అడగకుండా ముట్టలేదు. అయినా అడవిలో ఏది కనబడకపోయినా అందరి చూపూ ముందు ఆమె బొరియ వైపే తిరిగేది.

అందరికంటే పెద్ద తోట ఎలుగుబంటి బొద్దయ్యది. చలికాలం వచ్చేసరికి అతని వంగతోట విరగకాసింది. కాయలు నల్లగా నిగనిగలాడుతూ వేలాడేవి. బొద్దయ్య రోజూ వాటి మధ్య పొట్ట ముందుకు పెట్టుకుని నడిచేవాడు. కష్టపడేవాడే, కాదనను. కానీ అతనికి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "తెలుసులే" అనేవాడు.

ఒకరోజు ముత్తెమ్మ అందరినీ ఏనుగుబండ దగ్గరకు పిలిచింది. అది అడవి మధ్యలో ఉన్న పెద్ద చదును రాయి. ఉదయం నుంచి సాయంత్రం దాకా దాని మీద ఎండ పడుతుంది.

"కాసినవన్నీ ఇప్పుడే తినెయ్యకండి," అంది ముత్తెమ్మ. "వేసవికి దాచుకోవాలి. పచ్చి కాయ దాస్తే కుళ్లిపోతుంది. ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టాలి. వాటిని ఒరుగులంటారు."

"తెలుసులే అవ్వా," అన్నాడు బొద్దయ్య.

ముత్తెమ్మ ఒక వంకాయ తీసుకుని పొడుగ్గా చీల్చింది. ఉప్పు అద్దింది. బండ మీద ఒక్కో ముక్కా విడివిడిగా పరిచింది.

"కుండలో వేసి ఊపితే గలగలమనాలి. అప్పటిదాకా ఎండాలి. అప్పుడు మూతి కట్టి పెట్టుకోవాలి. అయితే ఇందులో ఒక సంగతి ఉంది. మొదటిసారి ఎండబెట్టేవాళ్లు అది చూసి కంగారు పడతారు. ఏమిటంటే..."

"తెలుసులే అవ్వా. ఎండబెట్టడమే కదా, ఇదేమైనా బ్రహ్మవిద్యా?" అంటూ బొద్దయ్య లేచాడు. అతను లేవగానే కోతులు లేచాయి. కోతులు లేవగానే కుందేళ్లు లేచాయి. చూస్తుండగానే బండ ఖాళీ అయింది.

ముత్తెమ్మకు మనసు చివుక్కుమంది. 'అవసరమైతే వాళ్లే వచ్చి అడుగుతారు' అనుకుని తన గుట్ట మీదకు వెళ్లిపోయింది. ఆ గుట్ట దూరం. అక్కడ ఉన్నవాళ్లకు అడవి కబుర్లు అందవు.

ఆ రోజు పోలమ్మ కూడా వచ్చింది. కానీ తనను రానిస్తారో లేదోనని దూరంగా తంగేడు పొద వెనక నిలబడింది. ముత్తెమ్మ చేతులు కనబడ్డాయి, మాటలు మాత్రం వినబడలేదు. చూసింది చూసినట్టు మనసులో పెట్టుకుని ఇంటికి వెళ్లింది. తన చిక్కుళ్లు ఒక బుట్టెడు కోసి, చీల్చి, ఉప్పు అద్ది, బొరియ ముందు రాయి మీద పరుచుకుంది.

మర్నాడు బొద్దయ్య వంకాయలు కోశాడు. ముక్కలు చేసి, వెదురు తట్టలతో కొలుచుకున్నాడు. సరిగ్గా పన్నెండు తట్టలు అయ్యాయి. ఏనుగుబండ మీద పరిచి, వచ్చేపోయేవాళ్లందరికీ చూపించాడు. "పన్నెండు తట్టలు. ఈ వేసవికి నాకు లోటు లేదు," అన్నాడు.

సాయంత్రం ముక్కలన్నీ మళ్లీ తట్టల్లోకి ఎత్తాడు. ఎనిమిది తట్టలే నిండాయి.

అసలు తికమక ఇక్కడ మొదలైంది. బొద్దయ్య నాలుగు ఖాళీ తట్టల వంక చూశాడు. వాటిని బోర్లించి చూశాడు, దులిపి చూశాడు. ముక్కలన్నీ కింద పోసి మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఎనిమిదే. పొద్దున లెక్క తప్పానేమో అనుకున్నాడు. కానీ పొద్దున మూడుసార్లు లెక్కపెట్టాడు. కోతులకు చూపించడానికి ఇంకోసారి కూడా లెక్కపెట్టాడు. తట్టలు తన గుహలోకి మోసుకెళ్లి తల గోక్కుంటూ పడుకున్నాడు.

రెండో రోజు బండ పక్కనే చెట్టు నీడలో కూర్చుని కాపలా కాశాడు. సాయంత్రానికి ఆరు తట్టలు అయ్యాయి. మధ్యాహ్నం కాస్త కునుకు పట్టినట్టు అతనికి గుర్తొచ్చింది. 'ఆ కునుకులోనే పోయి ఉంటాయి' అని సర్దిచెప్పుకున్నాడు.

మూడో రోజు కునుకు రాకుండా పచ్చి మిరపకాయలు నములుతూ కూర్చున్నాడు. నోరు మండింది, కళ్లవెంట నీళ్లు కారాయి, ముక్కు ఎర్రబడింది. ఆ కళ్లను ఒక్క క్షణం కూడా బండ మీద నుంచి తిప్పలేదు. ఎవరూ రాలేదు. ఒక్క ఈగ కూడా ఒక్క ముక్క కూడా మోసుకెళ్లలేదు. సాయంత్రం ఎత్తి చూస్తే నాలుగు తట్టలు.

బొద్దయ్య బండ మీద కూలబడ్డాడు. 'దొంగ వచ్చాడు, కానీ రాలేదు. నేను చూశాను, కానీ కనబడలేదు. ముక్కలు పోయాయి, కానీ ఎవరూ తియ్యలేదు.' ఇలా ఎంత ఆలోచిస్తే అంత అయోమయం పెరిగింది. నవ్వకండి, మీరైనా ఆ సాయంత్రం అలాగే కూర్చునేవారు.

అప్పుడు చెట్టు మీద నుంచి గంతన్న అనే కోతి దిగి వచ్చాడు. అడగకపోయినా సలహా చెప్పడం అతనికి సరదా.

"పై నుంచి ఎవరైనా వచ్చారా?" అని అడిగాడు.

"రాలేదు."

"పక్కల నుంచి?"

"రాలేదు."

"ఇంకేం మిగిలింది? కింద."

ఇద్దరూ వంగి బండ చుట్టూ వెతికారు. ఒక మూల వేలు పట్టేంత పగులు కనబడింది. గంతన్న ఆ పగుల్లో వేలు పెట్టి, తీసి, వాసన చూశాడు. ఏ వాసనా రాలేదు. అయినా గంభీరంగా తలాడించాడు.

"కింద నుంచి వచ్చేవాళ్లు ఈ అడవిలో ఎంతమంది ఉన్నారు మావా?" అన్నాడు.

ఒక్కరే ఉన్నారు. ఆ పేరు బొద్దయ్యకు చప్పున తట్టింది. మూడు రోజుల తికమక ఒక్కసారిగా తీరినట్టు అనిపించి అతనికి ప్రాణం లేచివచ్చింది. కానీ సాక్ష్యం కావాలి కదా. నాలుగో రోజు ఒక పని చేశాడు. ముక్కలన్నీ ఆ పగులు మీద కుప్పగా పోసి, ఆ కుప్ప మీద తనే కూర్చున్నాడు. తన పెద్ద ఒంటితో మొత్తం కప్పేసి, పొద్దు గూకేదాకా కదలలేదు.

సాయంత్రం లేచి కొలిచాడు. నాలుగు తట్టలు. ఒక్క ముక్క కూడా తగ్గలేదు.

"చూశావా, నేను దారికి అడ్డం కూర్చుంటే దొంగకు చెయ్యి ఆడలేదు," అన్నాడు గంతన్నతో.

ఇక ఆలస్యం చెయ్యదలచుకోలేదు. ఇంకో రోజు ఎండబెడితే ఈ నాలుగూ పోతాయని భయపడ్డాడు. ముక్కలు ఇంకా మెత్తగా ఉన్నాయి, మడిస్తే మడత పడుతున్నాయి. కుండలో వేసి ఊపితే చప్పుడే లేదు. గలగలమనాలని ముత్తెమ్మ అన్న మాట గుర్తొచ్చింది. 'గలగల సంగతి తర్వాత, ముందు మిగిలినవి దక్కాలి' అనుకున్నాడు. ముక్కలన్నీ నాలుగు కుండల్లోకి కుక్కి, మూతులకు అడ్డాకులు కట్టి, పైన మట్టి మెత్తి, గుహలో లోపలి మూల పెట్టాడు.

ఆ తర్వాత తిన్నగా వాగు గట్టుకు వెళ్లాడు.

"ఏమే పోలమ్మా, నా ఎనిమిది తట్టల వంకాయలు ఎక్కడ పెట్టావు?"

పోలమ్మ బొరియలో నుంచి తల బయటకు పెట్టింది. "ఏ వంకాయలు బొద్దన్నా?" అంది.

"ఏమీ ఎరగనట్టు మాట్లాడకు. పెద్దయ్య ముందే తేలుస్తాను."

కొమ్మన్న అప్పుడు అడవిలో లేడు. పై లోయలో బంధువుల దగ్గరకు వెళ్లాడు. అతను తిరిగి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ అడవి అంతటా ఒకటే మాట. దారిలో పోలమ్మ ఎదురైతే కుందేళ్లు పక్కకు తప్పుకునేవి. ఆమె పిల్లలతో ఆడుకోవద్దని కోతులు తమ పిల్లలకు చెప్పాయి. ఒకరోజు చిన్నపిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"అమ్మా, మనం దొంగలమా?" అని అడిగింది.

"కాదు తల్లీ," అంది పోలమ్మ. అనేసింది గానీ, ఆమెకు లోపల ఒక భయం పట్టుకుంది.

ఎందుకో చెబుతాను. పోలమ్మ ఎండబెట్టుకున్న చిక్కుళ్లు బుట్టెడు కదా. అవీ రోజురోజుకూ తగ్గిపోయాయి. ఆరో రోజుకు గుప్పెడు మిగిలాయి. ఆమె బొరియ దగ్గరకు ఎవరూ రారు. మరి ఎవరు తీశారు? పిల్లల పొట్టలు తడిమి చూసింది, అన్నీ లోపలికే ఉన్నాయి. తన చేతులు వాసన చూసుకుంది. 'నాకు తెలియకుండా నేనే తింటున్నానా? నా చిక్కుళ్లు నేనే దొంగిలిస్తే, బొద్దన్న వంకాయలు మాత్రం వదిలిపెడతానా? పాత బుద్ధి నిద్రలో లేచి తిరుగుతోందా?' అని అనుకుంది. ఎదుటివాళ్లు దొంగ అంటే కోపం వస్తుంది. తనకే అనుమానం వస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఆ దిగులుతో సరిగా తిండి కూడా తినలేదు.

తొమ్మిదో రోజు ఏనుగుబండ దగ్గర అందరూ కూడారు. ముత్తెమ్మకు ఎవరూ కబురు చెయ్యలేదు. కొమ్మన్న మధ్యలో నిలబడ్డాడు. బొద్దయ్య ఖాళీ తట్టలు వరసగా పెట్టి జరిగిందంతా చెప్పాడు. "నేను చూస్తుండగానే పోయాయి, నేను కూర్చుంటే పోలేదు," అన్నాడు. వినేవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఇంకా ఎవరూ ఏమీ ఎండబెట్టలేదు కాబట్టి ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక అందరూ తలలాడించారు.

"పోలమ్మా, నువ్వు తీశావా?" అని అడిగాడు కొమ్మన్న.

పోలమ్మ తన చేతుల వంక చూసుకుంది. "నాకు తెలియదు పెద్దయ్యా," అంది చివరికి.

"తెలియకపోవడం ఏమిటి? తీసినవాళ్లకు తెలియదా?"

"తియ్యలేదనే అనుకుంటున్నాను. కానీ నాకు తెలియదు."

గుంపులో గుసగుసలు లేచాయి. కొమ్మన్న మంచివాడే. అతనికి ఆ జవాబు విని బాధ కలిగింది. కానీ కాదని గట్టిగా చెప్పలేని ఆమెను ఎలా కాపాడాలో అతనికి తోచలేదు. "రేపు పొద్దెక్కేలోగా పిల్లలను తీసుకుని వాగు దాటిపో," అన్నాడు.

ఆ సాయంత్రం పోలమ్మ సామాను సర్దుకుంది. సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గుప్పెడు ఎండు చిక్కుళ్లు ఆకులో మూట కట్టి, గుట్ట ఎక్కి ముత్తెమ్మ దగ్గరకు వెళ్లింది.

"అవ్వా, విత్తనాలు ఇచ్చింది నువ్వే. ఇవి నీ దగ్గర ఉంచుకో. నేను రేపు వెళ్లిపోతున్నాను," అంది.

ముత్తెమ్మ కంగారుగా సంగతేమిటని అడిగింది. పోలమ్మ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎవరికీ చెప్పని మాట కూడా చెప్పింది. "బుట్టెడు పెడితే ఇన్నే మిగిలాయి అవ్వా. నా సొత్తు నేనే దొంగిలించుకున్నాను," అంటూ ఏడ్చింది.

ముత్తెమ్మ మూట విప్పి చూసింది. చిక్కుళ్లు అరచేతిలో పోసుకుని ఊపింది. గలగలమన్నాయి. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఒంటి మీద ముళ్లన్నీ కదిలేలా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయి ముఖం చిన్నబోయింది.

"తప్పు నాది కూడా ఉంది పోలమ్మా. ఆ రోజు వాళ్లు లేచిపోతే పోనీలే అని ఊరుకున్నాను. వెంటపడి చెప్పి ఉండాల్సింది. రేపు నువ్వు వాగు దాటవు. పొద్దున్నే బండ దగ్గరకు రా," అంది.

తెల్లవారాక ముత్తెమ్మ గుట్ట దిగి కొమ్మన్నను కలిసింది. "సాయంత్రం దాకా ఆగు. దొంగను నేను పట్టిస్తాను," అంది. కొమ్మన్న సరేనన్నాడు. అందరినీ మళ్లీ పిలిపించాడు.

ముత్తెమ్మ బొద్దయ్య తోటలో ఇంకా మిగిలిన లేత వంకాయలు ఏరించి ఒక తట్ట తెప్పించింది. ముక్కలు కోసి, తట్ట అంచు దాకా నింపి అందరికీ చూపించి, ఎండలో పరిచింది. మరోపక్క చెట్టు నీడలో ఒక సొరకాయ బుర్ర పెట్టింది. అందులో నీళ్లు పోసి, పోలమ్మ ఇచ్చిన గుప్పెడు చిక్కుళ్లూ వేసింది.

"ఇప్పుడు అందరూ చుట్టూ కూర్చుని కాపలా కాయండి. పోలమ్మా, నువ్వు పిల్లలను తీసుకుని కొమ్మన్న పక్కన కూర్చో. కదలకు," అంది.

అందరూ కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎవరి చూపూ పక్కకు తిరగలేదు. పొద్దు వాలాక ముత్తెమ్మ ముక్కలు మళ్లీ తట్టలోకి ఎత్తింది. తట్ట నిండలేదు. అంచుకూ ముక్కలకూ మధ్య బెత్తెడు ఖాళీ వచ్చింది.

"గంతన్నా, నీ బుగ్గలు చూపించు," అంది ఒక కుందేలు వెంటనే. కోతులు తిండిని బుగ్గల్లో దాచుకుంటాయి కదా.

గంతన్న ముఖం మాడ్చుకుని నోరు తెరిచి చూపించాడు. నోరు ఖాళీ. "ముందు నువ్వు లేచి నిలబడు, కింద ఏం పెట్టుకుని కూర్చున్నావో చూద్దాం," అన్నాడు. ఒకరు లేచారు, ఇంకొకరిని లేపారు. చివరికి ఎవరో కొమ్మన్న వైపు కూడా అనుమానంగా చూశారు. కొమ్మన్న గతుక్కుమన్నాడు.

"ఇటు చూడండి," అంది ముత్తెమ్మ.

సొరబుర్రలో చిక్కుళ్లు ఉబ్బి అంచు దాకా వచ్చాయి. పొద్దున గుప్పెడు, ఇప్పుడు బుర్ర నిండుగా. అందరూ నోరెళ్లబెట్టారు. అక్కడ తగ్గింది, ఇక్కడ పెరిగింది. ఉన్న తికమకకు ఇది ఇంకొకటి.

"నాకు తెలిసిపోయింది, అక్కడివి తీసి ఇక్కడ వేశారు!" అన్నాడు గంతన్న.

"అవి వంకాయలు, ఇవి చిక్కుళ్లు," అంది ముత్తెమ్మ.

ముత్తెమ్మ పచ్చి వంకాయ ముక్క ఒకటి తీసుకుని పిండింది. నీళ్లు కారాయి. బండ మీద ఎండిన ముక్క తీసుకుని పిండింది. ఒక్క చుక్క రాలింది.

"కాయలో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లను ఎండ తాగేస్తుంది. ముక్క చిన్నదైపోతుంది. ఎన్ని ముక్కలు పెట్టామో అన్ని ముక్కలూ ఉంటాయి, కానీ తట్ట నిండదు. బొద్దయ్యా, నువ్వు తట్టలు లెక్కపెట్టావు, ముక్కలు లెక్కపెట్టలేదు. పన్నెండు తట్టలు సరిగా ఎండితే ఒకటో, ఒకటిన్నరో మిగులుతాయి. ఆ రోజు నేను చెప్పబోయింది ఇదే."

బొద్దయ్య తనూ ఎండిన ముక్క ఒకటి తీసుకుని పిండి చూశాడు. కాసేపటికి, "మరి నేను కూర్చున్న రోజు తగ్గలేదు కదా?" అన్నాడు సన్నగా.

"నీ అంతవాడు వాటి మీద కూర్చుంటే ఎండ ఎక్కడ తగులుతుంది?" అంది ముత్తెమ్మ. చెయ్యెత్తి, వాలుతున్న సూర్యుణ్ణి చూపించింది. "దొంగ అదిగో. కొమ్మన్నా, చేతనైతే దాన్ని వాగు దాటించు."

కొమ్మన్న సిగ్గుతో తల దించుకున్నాడు. పోలమ్మ వైపు తిరిగి, "నేను తొందరపడ్డాను. నీ ఇల్లు నీదే," అన్నాడు. పోలమ్మ నలుగురు పిల్లలనూ దగ్గరకు లాక్కుంది. ఎన్నో రోజుల తర్వాత ఆమెకు తన చేతుల మీద తనకు నమ్మకం కలిగింది.

ముత్తెమ్మకు మాత్రం ఇంకో అనుమానం వచ్చింది. "బొద్దయ్యా, మిగిలిన నాలుగు తట్టలు ఏం చేశావు?"

"కుండల్లో పెట్టి మట్టి మెత్తాను. అవి భద్రంగా ఉన్నాయి."

"గలగలమన్నాయా?"

బొద్దయ్య గుహ వైపు పరుగెత్తాడు. అందరూ వెనకాలే వెళ్లారు. మట్టి పగలగొట్టి మొదటి కుండ మూత తీయగానే ముందు వరసలో ఉన్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ముక్కలన్నీ ఒక ముద్దయ్యాయి. మీద బూడిదరంగు బూజు పట్టింది. రెండో కుండా అంతే, మూడోదీ నాలుగోదీ అంతే. దొంగ లేడు, దొంగతనం లేదు, అయినా పన్నెండు తట్టల వంకాయలూ పోయాయి. బొద్దయ్య కుండల మధ్య కూర్చుని వాటి వంకే చూస్తూ ఉండిపోయాడు. పోలమ్మతో ఒక్క మాట కూడా అనలేదు. అనాలని అతనికి తోచనే లేదు.

తోటలో మిగిలిన కాయలు అప్పటికే ముదిరి గింజ పట్టాయి. చలి తగ్గింది. ఎండలు మొదలయ్యాయి. మిగతావాళ్లు మాత్రం ముత్తెమ్మ దగ్గర కూర్చుని చివరిదాకా విని, తమ తోటల్లో ఉన్నవన్నీ ఎండబెట్టుకున్నారు. ఈసారి పోలమ్మ పొద వెనక కాదు, ముందు వరసలో కూర్చుంది. తోటలు తవ్వినందుకు ఒక్కొక్కరూ ఆమెకు తలా కొన్ని కాయలు ఇచ్చారు. అది వాళ్లు ఎప్పుడో చెయ్యాల్సిన పని. ఆమె బొరియలో మూడు కుండలు చేరాయి, మూడూ గలగలమనేవి.

వేసవి ముదిరింది. వాగు మడుగైంది. ఆకులు రాలాయి. బొద్దయ్య పొట్ట లోపలికి పోయింది, బొచ్చు వేలాడింది. రెండు రోజులు చెదల పుట్టలు తవ్వుకుని తిన్నాడు. ఆ తర్వాత అవీ దొరకలేదు. ఒక ఉదయం మెల్లగా నడుచుకుంటూ వాగు గట్టుకు వచ్చి, పోలమ్మ బొరియ ముందు నిలబడ్డాడు. ఎలా అడగాలో తెలియక నేల వంక చూశాడు.

పోలమ్మ బయటకు వచ్చింది. అతన్ని చూస్తే ఆమెకు జాలి వేసింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

"నేను మరిచిపోలేదు బొద్దన్నా. నా పిల్ల నన్నే అడిగింది, మనం దొంగలమా అని," అంది.

"తప్పయింది పోలమ్మా."

"నాకు చెబితే చాలదు. నన్ను నలుగురిలో అన్నావు. నలుగురిలోనే కాదని చెప్పు."

బొద్దయ్య తలూపాడు. ఆ పూటే ఏనుగుబండ ఎక్కి నిలబడ్డాడు. నీరసంగా ఉన్నా గొంతు పెంచి చెప్పాడు. "పోలమ్మ నా వంకాయలు తియ్యలేదు. నాకు తెలియనిదాన్ని తెలుసనుకుని ఆమెను దొంగను చేశాను." కుందేళ్లు విన్నాయి, కోతులు విన్నాయి. పోలమ్మ పిల్లలు నలుగురూ విన్నారు. అతను బండ దిగేదాకా ఎవరూ కదలలేదు.

పోలమ్మ ఒక ఆకులో గుప్పెడు ఒరుగులు పోసి అతని చేతిలో పెట్టింది. అతని పెద్ద చేతిలో అవి మరీ కొంచెంగా కనబడ్డాయి.

"చూడ్డానికి గుప్పెడే. నీళ్లలో నానబెట్టుకుని తిను," అంది.

'తెలుసులే' అన్న మాట బొద్దయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"ఎంతసేపు నానబెట్టాలి?" అని అడిగాడు.

పోలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బొద్దయ్య చివరిదాకా విన్నాడు.

నీతి: సగం విని తెలుసు అనుకున్నవాడు తన సొత్తు పోగొట్టుకుంటాడు, ఎదుటివాడి మీద నింద వేస్తాడు. అర్థం కానప్పుడు వేలు చూపించకూడదు, కూర్చుని అడగాలి.